ఆటగాని వెల

క్రీడాకారులకు నేడు ముట్టుచున్న ధనము మితిమీరినదా అను ప్రశ్న పెద్ద పట్టణములలోనే కాదు, మా పామిడి వంటి ఊరిలో అంగళ్ల ముందరను, టీ దుకాణముల వద్దను గూడ తరచుగా వినవచ్చుచున్నది. 2023 డిసెంబరులో దుబాయి నగరమున జరిగిన ఐ.పి.ఎల్. వేలములో హైదరాబాదు జట్టు ఆస్ట్రేలియా నాయకుడు పాట్ కమిన్సును 20 కోట్ల 50 లక్షల రూపాయలకు తీసికొనెను. మరుసటి యేడు నవంబరులో జెడ్డాలో జరిగిన వేలమున లక్నో జట్టు రిషభ్ పంతునకు 27 కోట్ల వెల కట్టెను. ఇట్టి వార్త వెలువడిన ప్రతిసారియు రెండు మాటలు వినబడును. "బంతిని కొట్టినందుకు ఇంత ధనమా?" అని కొందరు. "వానికి శక్తి యున్నది, సంపాదించుకొనుచున్నాడు, మనకేమి?" అని మరికొందరు. ఈ రెండు మాటలును విషయమును సగము మాత్రమే చూచుచున్నవని మా యభిప్రాయము. ఆ ధనము ఎచటినుండి వచ్చుచున్నదో, ఎవరెవరికి పంచబడుచున్నదో, దానిని చూచి ఆశపడు మన పిల్లల గతి యేమగుచున్నదో ఈ ప్రసంగమున విచారింతము.

మొదట కూలి లెక్క చూతము. పామిడి అనంతపురమునకు ఉత్తరమున, హైదరాబాదు-బెంగుళూరు రహదారి మీద, పెన్నానది యొడ్డున నున్నది. భోగేశ్వరస్వామి గుడి చెంత పారవలసిన ఆ నది సంవత్సరములో పెక్కు నెలలు ఇసుకయే. జిల్లాలో ఏటికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదియు వేరుసెనగకు కావలసిన వేళ వచ్చునను నమ్మకము లేదు. చేను లేని వారికిని, చేను ఎండిన వారికిని మా యూరిలో బట్టల వ్యాపారము, కుట్టుపని అండగా నున్నవి. మిషను మీద నైటీలు కుట్టు స్త్రీలకు ఇన్ని కుట్టినచో ఇంత అని కూలి. పల్లెలలో ఉపాధి హామీ పనులు. ఆ పథకము దేశమంతటికిని 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలోనే ప్రారంభింపబడినది. 2025-26 సంవత్సరమునకు మన రాష్ట్రములో ఆ పనికి నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. ఏడాదికి నూరు దినముల పని దొరకిన కూలివాడు 27 కోట్లు గడించుటకు దాదాపు 8,800 సంవత్సరములు పట్టును.

ఈ లెక్క విని మనసు నొచ్చుకొనని వారుండరు. అయినను దీనినుండి తేలునది ఏమో నిదానముగా చూడవలెను. పంతునకు 27 కోట్లకు బదులు 7 కోట్లే యిచ్చిరనుకొందము. మిగిలిన 20 కోట్లు బండ్లపల్లి కూలివానికి చేరవు. అదే జట్టులోని యితర ఆటగాండ్రకు పోవును, లేదా జట్టు యజమాని పెట్టెలో నిలుచును. కూలివాని కూలి వేరొక ఖజానానుండి వచ్చుచున్నది. అది తక్కువయైనచో అందులకు ఉత్తరవాదులు పన్నులు కట్టువారు, పన్నులను వ్యయపెట్టు ప్రభుత్వములు. అనగా పౌరులమైన మనమే. బడి ఉపాధ్యాయునితోను, ఆసుపత్రి నర్సుతోను ఆటగానిని పోల్చి చేయు వాదమునకును ఇదియే సమాధానము. ఉపాధ్యాయుడు ఒక గదిలో నలుబది మందికి చదువు చెప్పును. ఆటగానిని ఒకే గడియలో కోట్లమంది చూచుచుందురు. ఆ కోట్ల కన్నులను వస్తువులమ్మువారు కొనుచున్నారు. దీని వలన ఆటగాడు ఉపాధ్యాయుని కంటె లోకమునకు ఎక్కువ ఉపకారియని తేలదు. వెల వేరు, విలువ వేరు. బట్టల వ్యాపారము తెలిసిన మా యూరివారికి ఈ మాట క్రొత్త కాదు. ఒకే గుడ్డ, ఒకే కుట్టు; పండుగ ముందర దానికి ఒక ధర, ఆషాఢములో ఒక ధర. గుడ్డ గుణము మాత్రము మారలేదు.

ఇక ఆటగాని కూలి పూర్వ మెట్లుండెనో చూతము. పూర్వము మన దేశమున ఆటకు వేతనము లేదు, పోషణము ఉండెడిది. మల్లులను సంస్థానాధీశులు పోషించిరి. తెలుగువారి బలశాలి కోడి రామమూర్తి నాయుడు సర్కసు నడిపి, టికెట్టు కొని వచ్చిన జనుల యెదుట తన బలమును ప్రదర్శించి గడించెను. కాని అది యొకానొక మహాశక్తికి సాధ్యమైన త్రోవ. క్రికెట్టులో మన దేశపు మొదటి టెస్టు నాయకుడైన సి.కె. నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895లో జన్మించెను. ఆయనను 1923లో ఇందూరు హోల్కరు మహారాజు పిలిపించి తన సైన్యములో పదవి నిచ్చెను. ఆట ఆయనది, జీతము సైన్యములోని పదవికి. పోషణ మనునది పోషకుని దయ మీద నిలుచునట్టిది. విజయనగరము మహారాజకుమారుడు "విజ్జీ" 1930-31లో ఇంగ్లండు దిగ్గజములైన హాబ్సు, సట్‌క్లిఫులను తన జట్టున నాడుటకు రప్పించిన వదాన్యుడు. ఆయనయే 1936లో ఇంగ్లండు యాత్రకు నాయకుడై వెళ్లెను. ఆ యాత్ర నడుమనే లాలా అమర్‌నాథును క్రమశిక్షణ పేర ఇంటికి పంపివేసిరి. ఆ వేసవిలో బాగుగా ఆడుచున్న ఆటగాడు అతడు. పెట్టు చేయియే కొట్టు చేయి యైనపుడు ఆటగానికి దిక్కు లేదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

పాశ్చాత్య దేశములలోను కథ యిట్టిదే. అమెరికాలోని ఆదిమజాతీయుడు జిమ్ థోర్పు 1912లో స్టాక్‌హోము ఒలింపిక్సున రెండు స్వర్ణపతకములు గెలిచెను. అంతకు ముందు బేసుబాలు ఆడి కొద్దిపాటి కూలి పుచ్చుకొనెనను కారణమున మరుసటి యేడు ఆ పతకములను లాగికొనిరి. అతడు మరణించిన ముప్పది యేండ్లకు అతని బిడ్డలకు వానిని తిరిగి యిచ్చిరి. ధనము పుచ్చుకొనని ఆటయే పవిత్రమను సిద్ధాంతము వినుటకు ఉన్నతముగా నుండును. దాని ఫలముగా, కూలి లేకున్నను గడచు కలిగినవారికి ఆట దక్కినది; రెక్కాడినగాని డొక్కాడనివారికి తలుపు మూయబడినది. ఇంగ్లండులో ఫుట్‌బాలు ఆటగాండ్రకు వారమునకు 20 పౌనులకు మించి యీయరాదను కట్టడి 1961 జనవరి వరకు నుండెను. మైదానములు వేలాది జనులతో నిండుచుండెను. ఆ టికెట్ల డబ్బు ఆటగానికి చేరక ఆగిపోయినది గాని, చూడవచ్చినవారికి తిరిగి యీయబడలేదు.

మన దేశమున 1983లో కపిల్ దేవు నాయకత్వమున ప్రపంచ కప్పు గెలిచినపుడు ఆటగాండ్రకు బహుమానమిచ్చుటకు క్రికెట్టు బోర్డు చేత తగిన ధనము లేకుండెను. లతా మంగేష్కరు ఢిల్లీలో కచ్చేరి చేసి నిధి సమకూర్చగా, ఆటగాడొకనికి ఒక లక్ష రూపాయలు ముట్టెను. ప్రపంచ విజేతలకు ఒక గాయని దయవలన కానుక లభించిన దేశములో, నలుబది యేండ్లు తిరుగునప్పటికి ఒక్క ఆటగానికి 27 కోట్లు పలికినవి. ఈ మార్పు టెలివిజను తెచ్చినది.

2022 జూనులో ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు 2023 నుండి 2027 వరకు అయిదు సంవత్సరములకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. ఏటికి 9,678 కోట్లు. 2024 నవంబరు వేలమున ఒక్కొక్క జట్టు ఆటగాండ్ర మీద వెచ్చింపదగిన మొత్తము 120 కోట్లు. పది జట్టులకు 1,200 కోట్లు. ఆ పైన ఆడిన ప్రతి ఆటకును 7 లక్షల 50 వేల చొప్పున క్రొత్తగా నిచ్చిన రుసుము జట్టునకు 12 కోట్ల 60 లక్షలు. అంతయు కూడిన 1,326 కోట్లు. ప్రసారము వలన వచ్చిన రూపాయిలో ఆటగాండ్రకు ముట్టినది సుమారు పదునాలుగు పైసలు. టికెట్లు, ప్రాయోజకుల చెల్లింపులు ఈ లెక్కలో చేరనేలేదు. అమెరికాలోని బాస్కెట్‌బాలు సమాఖ్యలో ఆదాయమందు దాదాపు సగము ఆటగాండ్రది. ఆ పాలు యజమానులకును ఆటగాండ్ర సంఘమునకును మధ్య కుదిరిన ఒడంబడికలో వ్రాయబడి యున్నది. కావున ఆటగాండ్రనందరిని ఒక్కటిగా చూచినచో, వారు మితిమీరి పుచ్చుకొనుచున్నారనుటకు ఆధారము లేదు. వారి చెమటతో పండిన పంటలో వారికి దక్కినది కౌలుదారు పాలు కంటె తక్కువ.

అట్లని ఏ చింతయు అవసరము లేదని మేము చెప్పుట లేదు. ఆటగాండ్రందరికి వచ్చు పాలు చిన్నదే గాని, ఆ పాలు వారిలో వారికి పంచబడు తీరు మిక్కిలి విషమముగా నున్నది. జట్టున కున్న 120 కోట్లలో ఒక్కడు 27 కోట్లు తీసికొనెను. అదే వేలములో కనీసపు వెల 30 లక్షలు. ఒకే రంగు చొక్కా తొడిగి ఒకే మైదానమున నిలుచు ఇద్దరి మధ్య తొంబది రెట్ల తేడా. వారి వెనుక, వేలములో పేరు పిలువబడనివారు. వారి వెనుక, వేలమునకు పేరు పంపుటకైనను నోచుకొననివారు.

అనంతపురము రైతునకు ఈ సంగతి బోధపరచుట సులభము. ఒక చేనులో బోరు వేయగా రెండించుల నీరు పడును. ఆ వార్త సాయంకాలమునకు ఊరంతయు ప్రాకును. ఇరుగుపొరుగువారు అప్పు తెచ్చి తమ చేలలో బోర్లు వేయింతురు. ఒకనికి నాలుగు నూర్ల అడుగుల లోతున దుమ్ము లేచును. మరియొకడు నాలుగవ బోరునకు భార్య మెడలోని బంగారము కుదువ పెట్టును. నీరు పడిన బోరు కథయే ఊరూర చెప్పుకొందురు. ఎండిన బోర్లను లెక్కించువారు లేరు. నీరు పడినవాడు చేసిన తప్పేమియు లేదు. అతని అదృష్టమును చూచి, భూగర్భమును తెలిసికొనక, ఉన్నదంతయు ఒడ్డుటయే చేటు.

క్రీడారంగమున నీరు పడిన బోర్లు మన తెలుగునాట కొన్ని కలవు. హైదరాబాదు ఆటోడ్రైవరు కుమారుడు మహమ్మదు సిరాజును 2017లో హైదరాబాదు జట్టు 2 కోట్ల 60 లక్షలకు తీసికొనెను. విశాఖపట్టణము యువకుడు నితీశ్ కుమార్ రెడ్డిని అదే జట్టు 2023లో 20 లక్షలకు చేర్చుకొని, మరుసటి వేలమునకు ముందు 6 కోట్లకు నిలుపుకొనెను. కుమారుని ఆట కొరకు తండ్రి తన ఉద్యోగమును విడిచెను. ఆ తండ్రి త్యాగము ఫలించినది, మేమును సంతోషించితిమి. కాని అట్లే ఉద్యోగములు విడిచిన, చేలు అమ్మిన తండ్రులు వేరే యెందరు? వారి పేర్లు పత్రికలకు ఎక్కవు. ఐ.పి.ఎల్.లో జట్టునకు ఇరువదియైదుగురు చొప్పున పది జట్టులకు 250 స్థానములు. అందు 80 వరకు విదేశీయులకు పోవచ్చును. మిగిలిన 170 స్థానముల కొరకు ఇంత పెద్ద దేశమున ప్రతి వీధిలోని బాలుడును కల గనుచున్నాడు.

ఆ క్రింది మెట్టు రంజీ పోటీలు. అచట 2021 నుండి అనుభవమును బట్టి దినమునకు 40 వేలు మొదలు 60 వేల వరకు ఇచ్చుచున్నారు. నాలుగు దినముల ఆటలు ఏడు ఆడిన క్రొత్తవానికి ఏటికి 11 లక్షలు దాటును. ఇది గౌరవప్రదమైన ఆదాయమే. అయితే జట్టున చోటు పోయిన నాడు, మోకాలు విరిగిన నాడు అదియు నిలిచిపోవును. ఆ మెట్టునకు క్రిందనున్నవానికి నియమిత వేతనమేదియు కానరాదు. ఉద్యోగి ముప్పది యేండ్లకు జీవితమున కుదురుకొనును. ఆటగానికి ఆ వయస్సున ముగింపు కనబడుచుండును. పదునైదవ యేట చదువు మానినవానికి అప్పుడు చేతిలో నేమున్నది?

కబడ్డిని గూడ చూడుడు. పెన్నా ఇసుకలో గీత గీసి ఆడుకొను ఆట. ఖర్చు లేని ఆట. దానికి వెల పలుకునని పెద్దలెవ్వరు తలచలేదు. రైల్వేలలోను, పోలీసు శాఖలోను ఉద్యోగము వచ్చుటయే దాని పరమావధిగా నుండెను. 2014లో ప్రో కబడ్డి పోటీలు మొదలైనపుడు అత్యధికపు వెల 12 లక్షల 80 వేలు. 2023లో తెలుగు టైటన్సు జట్టు పవన్ సెహ్రావతును 2 కోట్ల 60 లక్షలకు పైగా చెల్లించి తీసికొనెను. పల్లెటూరి ఆటకు ఈ గౌరవము లభించుట మంచిదే. అయితే ఇచటను నీరు కొద్ది బోర్లలోనే. రైల్వే ఉద్యోగము కోట్లు తేలేదు గాని, ఆడుట మానిన పిమ్మట నెలనెలా జీతము నిచ్చెను. ఆ చిన్న ఉద్యోగము ఎందరి కుటుంబములను నిలిపినదో మరువరాదు.

మన ప్రశ్న నిజముగా అడుగవలసిన చోటు ఇంకొకటి కలదు, అది ప్రజాధనము. జట్టు యజమాని తన సొమ్ము నెవరికి ఎంత యిచ్చినను అది ఆతని వ్యవహారము. ఖజానాలోని ధనము మాత్రము మనది. 2016లో రియో ఒలింపిక్సున పి.వి. సింధు రజతపతకము గెలువగా తెలంగాణ ప్రభుత్వము 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 3 కోట్లు ప్రకటించినవి. 2024లో పారిస్ పారాలింపిక్సున 400 మీటర్ల పరుగులో కాంస్యము గెలిచిన వరంగల్లు ప్రాంతపు కూలివారి బిడ్డ జీవంజి దీప్తికి తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయలు, ఉద్యోగము ప్రకటించినది. 2025 నవంబరు 2వ తేదీన మన స్త్రీల జట్టు ప్రపంచ కప్పు గెలిచినపుడు, అందున్న కడప జిల్లా యువతి శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రెండున్నర కోట్లు, ఇంటి స్థలము, ఉద్యోగము ప్రకటించినది. వీరిలో ఎవ్వరును ఆ గౌరవమునకు అనర్హులు కారు. శ్రీచరణి రాయలసీమ బిడ్డ. ఆమె గెలుపు మా యింటి గెలుపు వలె తోచినది.

అయినను ఒక మాట అడుగక తప్పదు. ఈ ధనము ఏ వేళ వచ్చుచున్నది? విజయము లభించిన పిమ్మట, పత్రికలలో ఛాయాచిత్రములు పడిన పిమ్మట. పిల్ల పండ్రెండేండ్ల వయస్సున బూట్లు లేక, మైదానము లేక, నేర్పువారు లేక వెదకు దినములలో రాలేదు. కార్తె దాటి, పైరు మాడిన వెనుక కురిసిన వాన వలన వేరుసెనగకు ప్రయోజనము లేదని మన రైతు ఎరుగును. కోట్ల బహుమతిలో కొంత భాగమును విత్తు వేళకు మరలించిన యెడల, నూరు ఉన్నత పాఠశాలలకు మైదానములు, వ్యాయామోపాధ్యాయులు సమకూరుదురు. పతకము గెలిచినవారికి సన్మానము చేయవలదని మా యుద్దేశము కాదు. సన్మానము చివరి మెట్టు గాని మొదటి మెట్టు కారాదు.

మొదటి మెట్టు కొరకు శ్రమించినవారు మన నడుమనే యున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండు విజేతయైన పుల్లెల గోపీచందు శీతల పానీయముల ప్రకటనలో కనబడుటకు నిరాకరించెను. తాను త్రాగని దానిని పిల్లలకు చెప్పజాలననెను. తన యింటిని కుదువ పెట్టి హైదరాబాదున శిక్షణాలయమును నిర్మించెను. సింధు ఆ నేలలో మొలకెత్తినదే. 2018లో ఫోర్బ్సు పత్రిక లెక్కలో సింధు ఆదాయము 85 లక్షల డాలర్లు. అందు పోటీలలో గెలిచినది 5 లక్షలు, తక్కినది ప్రకటనల వలన వచ్చినది. గురువు నిరాకరించిన ధనమును, శిష్యురాలు న్యాయముగా గడించిన ధనమును పక్కపక్కన పెట్టి చూచినపుడు, ఆటగాడు ఎంత గడించెనను దాని కంటె ఎవరినుండి గడించెనను ప్రశ్న ముఖ్యమని తోచును. కొన్నియేండ్లపాటు క్రికెట్టు ప్రకటనలలో పెద్ద భాగము డబ్బు ఒడ్డి యాడు ఆన్‌లైను ఆటల వారిది. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము చట్టము చేసి అట్టి ఆటలను నిషేధించినది. ఐ.పి.ఎల్. దినములలో పందెములు కాచి అప్పుల పాలైన యువకులు లేని ఊరు రాయలసీమలో అరుదు. ఆ ఉచ్చులోనికి లాగు ప్రకటనకు ఆటగాడు తన ముఖము నిచ్చి పుచ్చుకొన్న రూపాయి, మొత్తము చిన్నదైనను మితిమీరినదే.

అనంతపురము నీటికి పేద గాని ఆటలకు కాదు. ఫాదర్ ఫెర్రరు 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనము ఆర్.డి.టి. అని పిలుచుకొను సంస్థ, జిల్లా కేంద్రమున క్రీడాగ్రామమును నెలకొల్పినది. అచట పల్లెల పిల్లలు క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాలు, జూడో నేర్చుకొనుచున్నారు. జిల్లాకు చెందిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ యాత్రలో భారత జట్టున ఆడినది. 2022 అక్టోబరులో బోర్డు చేసిన నిర్ణయము వలన స్త్రీలకును పురుషులతో సమానముగా ఇరువది ఓవర్ల అంతర్జాతీయపు ఆటకు 3 లక్షల రుసుము లభించుచున్నది. ఒక్క సాయంకాలపు ఆటకు 3 లక్షలు. 307 రూపాయల కూలి లెక్కన 977 దినముల పని. అయినను మా జిల్లాలో ఎవ్వరును ఇది ఎక్కువయని అనుట మేము వినలేదు. మన పిల్ల గడించినపుడు అది న్యాయమనియు, దూరపువాడు గడించినపుడు అన్యాయమనియు తోచుట మానవ సహజము. విచారణకు మాత్రము అది కొలమానము కాజాలదు.

ప్రపంచములో అత్యధికముగా గడించిన క్రీడాకారులలో స్పెయిను దేశపు టెన్నిసు వీరుడు రాఫెల్ నడాలు ఒకడు. ఆయన సంస్థ ఆర్.డి.టి.తో కలిసి అనంతపురమున స్థాపించిన టెన్నిసు పాఠశాలను 2010 అక్టోబరులో ఆయన స్వయముగా వచ్చి ప్రారంభించెను. అందు చేరిన పిల్లలకు టెన్నిసుతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠములు చెప్పుదురు. వారందరు నడాళ్లు కారు. కాకున్నను వారి చేతిలో చదువు మిగులును. మేము కోరు పద్ధతి యిట్టిది. బోరు పడకున్నను ఇల్లు కూలరాదు.

కావున మా యభిప్రాయము ఇట్లు సంగ్రహింపవచ్చును. క్రీడాకారుల శిఖరాదాయమును కత్తిరించినంత మాత్రమున కూలివానికి గాని, పేద ఆటగానికి గాని మేలు జరుగదు. మేలు జరుగవలెనన్న అట్టడుగు మెట్టు లేవవలెను. ప్రసారపు ఆదాయములో ఆటగాండ్రకు చెందు పాలు ఒడంబడికగా వ్రాయబడవలెను. అందు కొంత, వేలములో పేరు పలుకబడని వారికిని, గాయపడిన వారికిని, ఆట చాలించిన వారికిని ప్రత్యేకింపబడవలెను. ఇది కాని పని యేమియు కాదు. 2022లో బోర్డు ఫస్టుక్లాసు ఆటగాండ్రకిచ్చు నెలసరి పింఛనును 15 వేలనుండి 30 వేలకు పెంచినది. అట్టి నీడ ఇతర క్రీడలకును కావలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో ప్రకటించిన క్రీడావిధానములో ఉద్యోగములందు క్రీడాకారుల భాగమును 2 నుండి 3 శాతమునకు పెంచినది. ఆ భాగము కాగితము మీదనే నిలువక ప్రతి నియామకములోను నిండుచున్నదా అని విచారించుట మన హక్కు.

ఇక తలిదండ్రులకు ఒక మనవి. పిల్లవాని చేతిలో బ్యాటు చూచి భయపడవలదు. దానిని చూచి చేను అమ్మవలదు. వానిని ఆడనిండు, బడికిని పంపుడు. ఈ రెంటిలో ఒకటి మానినగాని రెండవది రాదని చెప్పు శిక్షకుని మాట నమ్మకుడు. ఆటవలన దేహమునకు బలము, నలుగురితో కలిసి నడచు గుణము, ఓడిన నాడు తల వంచక నిలుచు ఓర్పు వచ్చును. ఆ లాభము మైదానమున కాలుపెట్టిన ప్రతి బిడ్డకును సమానము. దానికి వేలము లేదు. తక్కిన ధనము వచ్చినచో సంతోషింతము. రాకున్నను ఆ బిడ్డ పామిడిలోనో, మరియొక ఊరిలోనో తన కాళ్ల మీద నిలువగలిగినచో, మనము ఆ ఆటకు పెట్టిన వెల వృథా కాలేదని తలంతము.